బయాప్సీ దగ్గర ఆగిపోతున్న అడుగు
బీసీఎల్-2 పరీక్ష గురించి దాతలకు ఒక వివరణ



మన సంఘం వైద్య సహాయ నిధికి చేయూతనిస్తున్న దాతల్లో కొందరు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంటారు. "ఆపరేషన్‌కు ఇచ్చాం, మందులకు ఇచ్చాం, సంతోషం. మరి ఈ 'ఐహెచ్‌సీ' అని రాసిన ఖర్చు ఏమిటి? ముక్క తీసి పరీక్ష చేయడం ఒకసారి అయిపోయింది కదా, అదే ముక్క మీద మళ్ళీ వేల రూపాయలు ఎందుకు?" అడగవలసిన ప్రశ్నే. ఇచ్చిన రూపాయి ఎక్కడికి పోయిందో తెలుసుకునే హక్కు దాతకు ఉంది. చెప్పవలసిన బాధ్యత మా మీద ఉంది.

ఐహెచ్‌సీ అనేది ఒక్క పరీక్ష కాదు. ఒకే ముక్క మీద ఒక్కో ప్రోటీన్ కోసం విడివిడిగా చేసే పరీక్షల గుంపు. అన్నిటినీ ఇక్కడ చెప్పబోవడం లేదు. వాటిలో ఒకదాన్ని తీసుకుని, అది ఏం చూస్తుంది, ఎలా చూస్తుంది, ఎక్కడ పొరపడుతుంది, దానివల్ల రోగికి ఏం మారుతుంది అన్నది వివరిస్తాం. ఆ పరీక్ష పేరు బీసీఎల్-2. ఇది ఒక ప్రోటీన్ పేరు. మన కణాలు చావాలా, బతకాలా అన్న విషయంలో దాని మాట చెల్లుతుంది.

రొయ్యల సాగు చేసే సోదరులకు పరీక్ష విలువ మేము కొత్తగా చెప్పనక్కర్లేదు. హేచరీ నుంచి సీడ్ తెచ్చి చెరువులో వదిలే ముందు పీసీఆర్ చేయిస్తారు. పిల్ల కంటికి చురుగ్గానే ఉంటుంది. తెల్లమచ్చ వైరస్ లోపల ఉందో లేదో కన్ను చెప్పలేదు. పరీక్ష డబ్బు మిగిలిందని సంబరపడి సీడ్ వదిలితే, ఆ తర్వాత పెట్టిన మేత, కరెంటు, లీజు అన్నీ నీళ్ళపాలవుతాయి. క్యాన్సర్ వైద్యంలోనూ లెక్క ఇదే. కాకపోతే ఇక్కడ పోయేది పంట కాదు, మనిషి.

రిపోర్టులో చివరి వాక్యం

విడవలూరు వైపో, తోటపల్లిగూడూరు వైపో రొయ్యల చెరువు మీద కాపలా ఉండే ఒక మనిషి ఉన్నాడనుకుందాం. వయసు 50 దాటింది. మెడ పక్కన బిళ్ళ కట్టింది. నొప్పి లేదు గనుక నాలుగు నెలలు పట్టించుకోలేదు. మన దేశంలో టీబీ ఎక్కువ. మెడలో గడ్డ అనగానే డాక్టరుకు ముందుగా టీబీ గుర్తుకు రావడంలో తప్పు లేదు. ఒక్కోసారి గట్టి ఆధారం దొరకకుండానే టీబీ మాత్రలు మొదలవుతాయి. నెలలు గడిచినా గడ్డ తగ్గదు. సూదితో తీసిన పరీక్షలో స్పష్టత రాదు. చివరికి గడ్డ మొత్తం తీసి పరీక్షకు పంపుతారు.

రిపోర్టు వస్తుంది. అందులో టీబీ లేదని ఉంటుంది. కింద ఇంకో మాట ఉంటుంది: ఇది ఏదో ఇన్‌ఫెక్షన్‌కు స్పందించి ఉబ్బిన మామూలు గ్రంథి కావచ్చు, లేదా ఫాలిక్యులర్ లింఫోమా అనే క్యాన్సర్ కావచ్చు, తేల్చడానికి ఐహెచ్‌సీ అవసరం.

పేదవాడి అడుగు ఆగిపోయేది ఈ వాక్యం దగ్గరే. ఆపరేషన్‌కు అప్పు చేశాడు. గడ్డ తీసేశారు గనుక జబ్బు కూడా పోయిందనుకుంటాడు. ఇంకో పరీక్షకు డబ్బు లేదు. కాగితం మడిచి ఇనప్పెట్టెలో పెట్టేస్తాడు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ప్రభుత్వ పథకం క్యాన్సర్ చికిత్సకు డబ్బు కట్టగలదు. కానీ ఆ అనుమతి కోరాలంటే ముందు జబ్బు ఫలానా అని తేల్చిన బయాప్సీ రిపోర్టు చేతిలో ఉండాలి. 'కావచ్చు, లేదా కావచ్చు' అన్న కాగితంతో చికిత్స మొదలు కాదు. పెద్ద ఖర్చు భరించేవారు ఉన్నా, చిన్న ఖర్చు దగ్గర తలుపు మూసుకుపోతోంది.

చావవలసిన కణం చావకపోతే

మన ఒంట్లో రోజూ వేల కోట్ల కణాలు తమంతట తాము చనిపోతుంటాయి. ఇది జబ్బు కాదు, ఆరోగ్యం. తల్లి కడుపులో బిడ్డ చేయి మొదట చిన్న తెడ్డులా ఉంటుంది. వేళ్ళ మధ్యనున్న కణాలు సమయానికి చనిపోతేనే అయిదు వేళ్ళు విడివడతాయి. కప్పపిల్ల పెద్దదవుతుంటే దాని తోక కరిగిపోవడం చూసే ఉంటారు. అదీ ఇలాంటిదే.

1972లో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలస్టేర్ కరీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ పద్ధతైన మరణానికి 'అపోప్టోసిస్' అని పేరు పెట్టారు. చెట్టు నుంచి ఆకు రాలడాన్ని సూచించే గ్రీకు మాట అది. ఒక సన్నని పురుగులో ఇది ఎంత లెక్క ప్రకారం జరుగుతుందో తర్వాతి పరిశోధకులు చూపారు. ఆ పురుగు ఎదిగే క్రమంలో 1,090 కణాలు పుడతాయి. వాటిలో సరిగ్గా 131 చనిపోతాయి. ఈ పరిశోధనకు సిడ్నీ బ్రెనర్, రాబర్ట్ హార్విట్జ్, జాన్ సల్‌స్టన్‌లకు 2002లో నోబెల్ బహుమతి వచ్చింది.

కణం చనిపోయే దారిలో ముఖ్యమైన మలుపు మైటోకాండ్రియా దగ్గర ఉంటుంది. మైటోకాండ్రియా అంటే కణానికి శక్తినిచ్చే పొయ్యి లాంటిది. బ్యాక్స్, బ్యాక్ అనే ప్రోటీన్లు దాని పైపొరకు చిల్లులు పెడతాయి. లోపలిది బయటికి కారుతుంది. దానితో కణాన్ని లోపలినుంచి ముక్కలు చేసే ఎంజైములు మేల్కొంటాయి. బీసీఎల్-2 ఆ పొర మీదే కాపలా ఉండి, చిల్లు పెట్టేవాళ్ళను పట్టి ఆపుతుంది. అది ఎక్కువగా ఉన్నంతకాలం కణం చావదు.

ఈ ప్రోటీన్ బయటపడింది క్యాన్సర్ పరిశోధనలోనే. 1984లో అమెరికాలో యోషిహిదే సుజిమోటో, కార్లో క్రోచే బృందం లింఫోమా కణాల్లో 14వ, 18వ క్రోమోజోములు విరిగి ఒకదానితో ఒకటి అతుక్కున్న చోటును పట్టుకుంది. 18వ క్రోమోజోము మీదుండే ఒక జన్యువు చోటు మారి 14వ దాని మీదికి వచ్చి పడింది. అక్కడ పక్కనే ఉన్నది యాంటీబాడీలు తయారుచేసే జన్యువు. రక్షణ కణాల్లో అది ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. పక్కింట్లో పగలూ రాత్రీ మోటారు నడుస్తుంటే మన బావిలోకి కూడా నీరు ఎక్కించినట్టు, కొత్తగా వచ్చి చేరిన జన్యువు కూడా ఆగకుండా ప్రోటీన్ తయారుచేయసాగింది. ఆ ప్రోటీనే బీసీఎల్-2. 'బి కణాల లింఫోమా, రెండవది' అన్న ఇంగ్లీషు మాటలకు అది పొట్టి పేరు.

అప్పటిదాకా క్యాన్సర్ జన్యువంటే కణాన్ని వేగంగా పెంచేదని అనుకునేవారు. 1988లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ వేరే సంగతి చూపారు. బీసీఎల్-2 కణాన్ని పెంచడం లేదు, చావనివ్వడం లేదు. పుట్టేవి మామూలుగానే పుడుతున్నాయి. పోవలసినవి పోకపోవడంతో గుట్ట పేరుకుంటోంది. మన రోగి మెడలోని గడ్డ నెమ్మదిగా, నొప్పి లేకుండా పెరగడానికి అర్థం ఇదే.

ఒక్కదాన్నే పట్టే అణువు

సరే, ఒక ముక్కలోని లక్షల కణాల్లో ఏ కణంలో బీసీఎల్-2 ఉందో కనిపెట్టడం ఎలా? సూక్ష్మదర్శినిలో ప్రోటీన్ కనబడదు. దాన్ని వెతికి పట్టుకుని అతుక్కునేది ఒకటి కావాలి. ఆ పని చేసేది యాంటీబాడీ.

యాంటీబాడీ మనకు కొత్త మాట కాదు. కరోనా రోజుల్లో అందరూ విన్నదే. ఒంట్లోకి పరాయిది వస్తే దాన్ని గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్ అది. తాళానికి తాళంచెవిలా, ఒక యాంటీబాడీ ఒక ఆకారానికే సరిపోతుంది. ఈ గుణాన్ని ప్రయోగశాలకు పనికివచ్చేలా మలచినవారు జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్. వారు 1975లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒక ఉపాయం కనిపెట్టారు. మనకు కావలసిన ప్రోటీన్‌ను ఎలుకకు ఇస్తారు. దాని ప్లీహంలో ఆ ప్రోటీన్‌కు యాంటీబాడీ తయారుచేసే కణాలు పుడతాయి. అవి బయట ఎక్కువకాలం బతకవు. అందుకని వాటిని, చావు లేకుండా పెరిగే ఒక రకం క్యాన్సర్ కణాలతో కలిపి ఒక్కటి చేస్తారు. ఆ జంట కణం బతికినంతకాలం ఒకే రకం యాంటీబాడీని ఇస్తూ ఉంటుంది. చావని కణాలను పట్టే సాధనాన్ని చావని కణంతోనే తయారుచేయడం విచిత్రమే. ఈ పద్ధతికి అప్పట్లో పేటెంటు తీసుకోలేదు. లోకమంతా దాన్ని స్వేచ్ఛగా వాడుకుంది. 1984లో ఆ ఇద్దరికీ, నీల్స్ యెర్నేకూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

బీసీఎల్-2ను పట్టే యాంటీబాడీల్లో బాగా పేరున్నది '124' అనే నంబరు గలది. ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ మేసన్, ఫ్రాన్సెస్కో పెజ్జెల్లాల బృందం దీన్ని తయారుచేసి 1990లో లోకానికి తెలియజేసింది. వారు ఎలుకకు బీసీఎల్-2 మొత్తాన్ని ఇవ్వలేదు. ఆ ప్రోటీన్ గొలుసులో 41వ పూస నుంచి 54వ పూస వరకు ఉన్న చిన్న తునకను కృత్రిమంగా తయారుచేసి ఇచ్చారు. కాబట్టి ఈ యాంటీబాడీ చూసేది ఆ 14 పూసలనే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు మళ్ళీ పనికొస్తుంది.

ముక్క మీద గోధుమరంగు

తీసిన గడ్డను ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో దిమ్మగా పోస్తారు. ఆ దిమ్మనే బ్లాక్ అంటారు. దాని నుంచి మిల్లీమీటరులో మూడు, నాలుగు వేలవ వంతు మందం గల పొరలు కోసి గాజు పలక మీద అతికిస్తారు. మైనం తీసేసి, ఒక ద్రావణంలో వేడి చేస్తారు. ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానికొకటి బిగించేస్తుంది, వేడి ఆ బిగింపును సడలించి దాగిన భాగాన్ని బయటపెడుతుంది. ఈ వేడి చేసే కిటుకు 1991లో వచ్చాకే పాత బ్లాకుల మీద కూడా ఇలాంటి పరీక్షలు నమ్మకంగా చేయడం వీలైంది.

తర్వాత సీసాలోని యాంటీబాడీని పలక మీద వేస్తారు. బీసీఎల్-2 ఉన్నచోట అతుక్కుంటుంది, మిగతాది కడిగితే పోతుంది. దాని మీద ఎంజైము తగిలించిన ఇంకో యాంటీబాడీ, దానిపై రంగు మందు వేస్తారు. బీసీఎల్-2 ఉన్న కణం గోధుమరంగుకు తిరుగుతుంది. లేనిది నీలంగా ఉండిపోతుంది.

ఇప్పుడు మన రోగి గ్రంథికి వద్దాం. లింఫు గ్రంథి లోపల గుండ్రని గదులుంటాయి. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు బి కణాలు అక్కడ చేరి, ఆ క్రిమికి సరిపడే యాంటీబాడీ తయారుచేయడం సాధన చేస్తాయి. పరీక్షలో నెగ్గినవి బతుకుతాయి, నెగ్గనివి చనిపోవాలి. ఆ చావుకు దారి ఇవ్వడం కోసమే ఈ గదుల్లోని కణాలు బీసీఎల్-2ను ఆపేసుకుంటాయి. అందుచేత ఆరోగ్యమైన గ్రంథిలో ఆ గది నడిమి భాగం నీలంగా ఉంటుంది. ఫాలిక్యులర్ లింఫోమాలో అదే గది, అదే గుండ్రని ఆకారం, కానీ నడిమి భాగం గోధుమరంగులో ఉంటుంది. చావవలసినవి చావడం లేదని అర్థం. మామూలు రంగులో ఎంత అనుభవమున్న డాక్టరు కన్నుకైనా ఒకేలా కనబడే రెండు గ్రంథులు, ఈ ఒక్క సీసాతో వేరుపడతాయి.

సీసా మాట ఎంతవరకు నమ్మాలి

ఇక్కడే దాతలు జాగ్రత్తగా వినవలసిన సంగతి ఉంది. గోధుమరంగు వస్తే క్యాన్సర్, రాకపోతే కాదు అన్న సూత్రం చెల్లదు.

మొదటిది, గది చుట్టూ అంచున ఉండే బి కణాలూ, చుట్టుపక్కల టి కణాలూ ఆరోగ్యవంతుల్లో కూడా గోధుమరంగుకే వస్తాయి. వాటికి బీసీఎల్-2 ఉండటం సహజం. నిజానికి అవి మేలే చేస్తాయి. పలక మీద అవి కూడా నీలంగా ఉన్నాయంటే పరీక్షే సరిగా జరగలేదన్న మాట.

రెండవది, వేరే రకాల లింఫోమాల్లోనూ బీసీఎల్-2 కనబడుతుంది. ఏ రకమో తేల్చాలంటే సీడీ20, సీడీ3, సీడీ10, బీసీఎల్-6, కేఐ-67 వంటి మరికొన్ని పరీక్షలు పక్కన ఉండాలి. డాక్టరు ఒకటి రాయక ఆరేడు రాయడం అందుకే.

మూడవది, ఫాలిక్యులర్ లింఫోమా ఉన్నా కొందరిలో రంగు రాదు. కొన్నిటిలో ఆ ప్రోటీన్ నిజంగానే లేదు. మరికొన్నిటిలో ప్రోటీన్ ఉంది, కానీ 124 యాంటీబాడీ చూసే ఆ చిన్న తునకలోనే మార్పు వచ్చింది. తాళం మారింది, పాత తాళంచెవి పట్టలేదు. అలాంటి ముక్కకు వేరే చోటును పట్టే ఇంకో బీసీఎల్-2 యాంటీబాడీ వేస్తే రంగు వస్తుంది. అనుమానం వచ్చిన డాక్టరు రెండో సీసా అడిగితే అది దుబారా కాదు.

నాలుగవది సీసా నాణ్యత. బీసీఎల్-2 యాంటీబాడీలను చాలా కంపెనీలు అమ్ముతాయి. వాటిలో కొన్ని రోగుల పరీక్షకు అని ఆమోదం పొందినవి. ఇంకెన్నో 'పరిశోధనకు మాత్రమే' అన్న ముద్రతో వచ్చేవి. ఆ రెండోరకం హైదరాబాద్ సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థల్లో శాస్త్రవేత్తలు వాడుకునే సరుకు. వారు కణాలను నలగ్గొట్టి, ప్రోటీన్లను బరువును బట్టి వరుసగా విడదీసి, బీసీఎల్-2 ఉండవలసిన 26 కిలోడాల్టన్ల దగ్గర గీత వచ్చిందా అని చూస్తారు. ఆ పనిలో చక్కగా నడిచిన సీసా, ఫార్మలిన్‌లో నానిన ముక్క మీద విఫలం కావచ్చు. ఎందుకంటే అక్కడ ప్రోటీన్ ఆకారం వేరు.

పరిశోధన సీసాల విషయంలో ప్రపంచమంతా ఇప్పుడు మేల్కొంటోంది. 2015లో ఆండ్రూ బ్రాడ్‌బరీ, ఆండ్రియాస్ ప్లుక్తున్ మరెందరో శాస్త్రవేత్తలతో కలిసి, సరిగా పనిచేయని యాంటీబాడీల వల్ల ఏటా కోట్ల డాలర్ల పరిశోధన సొమ్ము వృథా అవుతోందని బహిరంగంగా హెచ్చరించారు. 2023లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో 65 ప్రోటీన్లకు అమ్మకంలో ఉన్న 614 యాంటీబాడీలను ఒకే పద్ధతిలో పరీక్షించారు. లేబుల్ మీద రాసిన ప్రోటీన్‌ను పట్టలేనివి వాటిలో చాలా ఉన్నాయని తేలింది. పరీక్షించిన తీరు సులువే: ఆ ప్రోటీన్ అసలు తయారు కాకుండా జన్యువు తీసేసిన కణాలపై సీసా వేయడం. ప్రోటీన్ లేనిచోట కూడా గుర్తు చూపితే ఆ సీసా అబద్ధం చెబుతున్నట్టే.

మన రోగి విషయంలో దీని సారం ఒక్కటే. నమ్మకమైన ల్యాబు రోగి ముక్కతో పాటు, తప్పక రంగు రావలసిన ముక్క ఒకటి, రాకూడనిది ఒకటి పెట్టి చూస్తుంది. వీటిని కంట్రోళ్ళు అంటారు. సీసాను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచుతుంది. గడువు చూస్తుంది. పరిశోధన సీసాను సరిచూసుకోకుండా రోగి రిపోర్టుకు వాడదు. ఎక్కడ చవకగా చేస్తారు అన్నది మాత్రమే చూసి రోగిని పంపితే, తప్పు రిపోర్టుకు డబ్బు కట్టినవాళ్ళమవుతాం.

రిపోర్టుతో ఏం మారుతుంది

గ్రంథి మామూలుదే అని తేలితే అదే పెద్ద మేలు. కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది. అనవసర చికిత్స తప్పుతుంది.

ఫాలిక్యులర్ లింఫోమా అని తేలినా భయపడి పరుగెత్తనక్కర్లేదు. ఇది ఎక్కువమందిలో నెమ్మదిగా నడిచే జబ్బు. లక్షణాలు లేనివారిని కొంతకాలం మందు లేకుండానే క్రమంగా చూస్తూ ఉండటం కూడా ఆమోదమున్న వైద్యమే. చికిత్స కావలసినవారికి రిటుక్సిమాబ్ ముఖ్యమైన మందు. అది కూడా యాంటీబాడీయే. బి కణాల పైనుండే సీడీ20 అనే గుర్తును పట్టుకుంటుంది. అమెరికాలో 1997లో అనుమతి పొందిన ఈ మందు మన పేదలకు అందని ధరలో ఉండేది. 2007లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ 'రెడిటక్స్' పేరుతో అలాంటి మందునే తక్కువ ధరకు తెచ్చింది. తెలుగు నేల మీద తయారైన మందు అందుబాటులో ఉండి కూడా, జబ్బు పేరు తేలక దాన్ని వాడలేకపోవడం కన్నా బాధాకరం ఏముంటుంది?

వేగంగా పెరిగే మరో లింఫోమాలో బీసీఎల్-2తో పాటు ఎంవైసీ అనే ప్రోటీన్ కూడా ఎక్కువగా ఉంటే జబ్బు మొండిదని డాక్టర్లు ముందే జాగ్రత్తపడతారు. బీసీఎల్-2నే నేరుగా అడ్డుకునే వెనెటోక్లాక్స్ అనే మాత్రకు 2016లో అమెరికాలో ఒక రకం రక్త క్యాన్సర్ చికిత్స కోసం అనుమతి వచ్చింది. ఫాలిక్యులర్ లింఫోమాకు అది మామూలుగా వాడే మందు కాదు. అయినా చావని కణానికి మళ్ళీ చావు దారి తెరవవచ్చని ఆ మాత్ర రుజువు చేసింది.

మన తీరంలో మనం చేయవలసినవి

నెల్లూరులో ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఉంది, రెడ్‌క్రాస్ వారి క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తిరుపతిలో స్విమ్స్, చెన్నై అడయార్‌లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, వేలూరులో సీఎంసీ మనకు చేరువలోనే ఉన్నాయి. గడ్డ ఒకచోట తీసినా పరీక్ష ఇంకోచోట జరగవలసి రావచ్చు. మధ్యలో ముక్కను మోసుకెళ్ళేది రోగి కొడుకో, మన కార్యకర్తో. అందుకే కార్యకర్తలూ, దాతలూ తెలుసుకోవలసిన నాలుగు జాగ్రత్తలు రాస్తున్నాం.

తీసిన ముక్కను మామూలు నీళ్ళలోనో, స్పిరిట్‌లోనో వేసి తీసుకెళ్ళకూడదు. ఆసుపత్రి వారు ఇచ్చే 10 శాతం ఫార్మలిన్‌లోనే ఉండాలి. ముక్కకు పదింతలైనా ద్రవం ఉండాలి. డబ్బా మూతి వెడల్పుగా ఉండాలి. మెత్తగా ఉన్నప్పుడు ఇరుకు మూతిలో దూరిన ముక్క, గట్టిపడ్డాక బయటికి రాదు. డబ్బా మీద, మూత మీద కాదు, రోగి పేరు రాయించాలి. ముక్కను రోజుల తరబడి ఇంట్లో ఉంచుకోకుండా వెంటనే ల్యాబుకు చేర్చాలి.

టీబీ అనుమానం కూడా ఉంటే ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను అడగాలి. ఫార్మలిన్ టీబీ క్రిమిని చంపేస్తుంది. టీబీ పరీక్షకు ఫార్మలిన్ తగలని చిన్న ముక్కను వేరే డబ్బాలో తీయాలి. ప్రభుత్వ టీబీ కార్యక్రమం కింద ఆ పరీక్ష ఉచితం. రెండు డబ్బాలు ఒకేరోజు సిద్ధమైతే రెండో కోత తప్పుతుంది.

రిపోర్టు ఒక్కటే తెచ్చుకుంటే చాలదు. బ్లాకునూ, గాజు పలకలనూ కూడా అడిగి తీసుకోవాలి. మైనపు బ్లాకు ఫ్రిజ్ లేకుండా ఏళ్ళ తరబడి పాడవదు. పెద్ద ఆసుపత్రికి వెళితే మొదట అడిగేది దాన్నే. బ్లాకు చేతిలో ఉంటే మళ్ళీ గడ్డ కోయకుండానే కొత్త పరీక్షలు చేయవచ్చు. ఎండకు వదిలేయకుండా చల్లని చోట ఉంచితే చాలు.

ఇక డబ్బు విషయం. జకాత్ సొమ్ము అర్హుడైన వ్యక్తి స్వాధీనంలోకి రావాలన్నది హనఫీ ఉలమాల అభిప్రాయం. కాబట్టి పరీక్ష ఖర్చుకు జకాత్ ఇచ్చేవారు దాన్ని రోగికే అందేలా ఇవ్వడం మేలు. ల్యాబుకు ఫ్రిజ్ కొనడం, ముక్కలు చేరవేసే ప్రయాణ ఖర్చు వంటివాటికి సదకా, సాధారణ విరాళం వాడుకోవచ్చు. సందేహముంటే మీ మస్జిద్ ఇమామ్ గారిని అడిగి నిర్ణయించుకోండి.

దాతలకు మనవి

ఆపరేషన్‌కు సాయం చేస్తే కుట్లు కనబడతాయి. మందులకు సాయం చేస్తే సీసాలు కనబడతాయి. పరీక్షకు సాయం చేస్తే ఒక కాగితం తప్ప ఏమీ కనబడదు. కొందరు రోగుల విషయంలో ఆ కాగితం మీద 'క్యాన్సర్ కాదు' అని ఉంటుంది. అప్పుడు 'డబ్బు వృథా అయిందే' అని ఎవరూ అనుకోవద్దని మా మనవి. ఒక ఇంటిపెద్ద నిశ్చింతగా తిరిగి పనికి వెళ్ళాడు. దానికి వెల కట్టగలమా?

బయాప్సీ అయి, డబ్బు లేక రిపోర్టు సగంలో ఆగిన మనిషి మీ వీధిలో ఉంటే మాకు చెప్పండి. పేరు గుట్టుగా ఉంచుతాం. కులం, మతం అడగం. ఇనప్పెట్టెలో మడిచిపెట్టిన ఆ కాగితాన్ని బయటికి తీయించడమే ఈ ఏడాది మా వైద్య విభాగం పెట్టుకున్న పని. ఆ పనిలో మీ చేయి మాతో కలుస్తుందని నమ్ముతున్నాం, ఇన్‌షా అల్లాహ్.

రోగులందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక. ఇచ్చిన చేతులకు ప్రతిఫలం దయచేయుగాక. ఆమీన్.